చేతిలో పైసల్లేకుండా బోస్టన్‌కు పోయిన మన సుబ్బారావు



మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు అనగానే ప్రతి ఏడు కొమురం భీం గురించి రాస్తాం. రాయవలసిందే. మనలో సగం మందిమి జోడేఘాట్ వైపు ఊర్ల నుంచి వచ్చినోళ్ళమే. కానీ ఈసారి నేను వేరొకరి గురించి రాస్తానని సైన్సు సారును అడిగితే సరేనన్నారు. అడగడానికి కారణం ఉంది. ఈ ఎండాకాలం దాటితే మా పదో తరగతి వాళ్ళం ఇంటర్‌కు బయటికి పోవాలె. కరీంనగరో, వరంగలో, హైదరాబాదో. రాత్రి లైట్లు బందైనాక మా గదిలో ఒకటే ముచ్చట. అక్కడ గది కిరాయి ఎంత, మెస్సుకు ఎంత, కొత్త పట్నంలో తప్పిపోతే ఎవరిని అడగాలె. మాకంటే వంద ఏండ్ల ముందు, మాకంటే ఎన్నో రెట్లు దూరం, జేబులో దాదాపు ఏమీ లేకుండా పోయిన తెలుగాయన ఒకరున్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఈ పేరు మన జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక్క లైనులో ఉంటుంది. మనం బట్టీ పట్టి మరిచిపోతాం. అయితే ఆయన చేతి పని మన హాస్టల్‌లో వారం వారం కనబడుతూనే ఉంటుంది. అదేమిటో తర్వాత చెప్తాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు. తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం, ఆరోగ్యం బాగాలేక అది కూడా తొందరగానే మానుకోవలసి వచ్చింది. ఇంట్లో ఇబ్బంది. పదమూడేండ్ల వయసులో సుబ్బారావు గారు ఇంట్లోంచి పారిపోయారట. ఎక్కడికి? కాశీకి. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి బాగా డబ్బు సంపాదించాలని ఆలోచన. దారిలోనే పట్టుకొని వెనక్కి తెచ్చారు. అంటే ఆయన మొదటి కొత్త పట్నం ప్రయాణం మధ్యలోనే ఆగిపోయింది.

చదువులో ఫస్టు వచ్చేవారని అనుకుంటున్నారేమో. లేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో హిందూ హైస్కూలు నుంచి పాసయ్యారు. తండ్రి 1913లో పోయారు. తల్లి తన నగలు అమ్మి చదివించింది. ఇంతకంటే దీనిమీద రాయను. నగలు అమ్మడం, మేకలు అమ్మడం మన అమ్మలకూ తెలిసిన సంగతే.

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో చదివాక సన్యాసం తీసుకుందామని రామకృష్ణ మఠానికి పోయారు. అక్కడివాళ్ళు డాక్టరు చదువు చదివి జనానికి సేవ చేయమన్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అవి గాంధీగారి పిలుపు ఊపందుకుంటున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే వేసుకొని పోయారు. సర్జరీ చెప్పే తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. మిగతా సబ్జెక్టుల్లో బాగా రాసినా, చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ డిగ్రీయే చేతికిచ్చారు. ఒక గుడ్డ ముక్కకు అంత శిక్ష. దాని ఫలితం బోస్టన్ దాకా ఆయన వెంటే పోయింది.

మధ్యలో ఇంట్లో పెద్ద దుఃఖం. ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. వాళ్ళకు వచ్చిన జబ్బు పేరు స్ప్రూ. తెలుగులో సంగ్రహణి అంటారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి పుల్లలాగా అయిపోతాడు. సుబ్బారావు గారికి కూడా అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారు చేసిన ఆయుర్వేద వైద్యంతో తగ్గింది. తర్వాత ఆయన మద్రాసులో ఆయుర్వేద కాలేజీలోనే పాఠాలు చెప్పే ఉద్యోగం చేశారు. కానీ ఆ జబ్బు ఎందుకు వస్తుంది, మందు ఏమిటి అనే ప్రశ్న ఆయన్ను వదలలేదు. దాని జవాబు కోసమే అమెరికా పోదామనుకున్నారు. బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కింద ఉష్ణదేశాల జబ్బుల గురించి చెప్పే ఒక స్కూలు ఉండేది. అందులో సీటు వచ్చింది.

సీటు వచ్చింది గానీ పైసలు? మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సర్దారు. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేసింది. ఈ సత్యలింగ నాయకర్ గారు బర్మా పోయి వ్యాపారంలో గడించి, ఆ ఆస్తిని పేదల చదువుకు రాసిచ్చిన మనిషి. ఒక పట్నం పోయి సంపాదించినాయన పైసలతో ఇంకొకాయన వేరే పట్నం పోయాడన్న మాట. నాకు ఈ సంగతి చాలా నచ్చింది.

1920ల మొదట్లో, చలికాలం దగ్గర పడుతుండగా, సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు.

బోస్టన్ గురించి కొంచెం చెప్పాలె. అది అమెరికాకు తూర్పు వైపు, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు. ఒక పక్క ఓడరేవు, మధ్యలో చార్లెస్ నది. నదికి అటు కేంబ్రిడ్జి, ఇటు బోస్టన్. 1897లోనే అక్కడ భూమి కింద సొరంగం తవ్వి రైలు లాంటి బండ్లు నడిపారు. అమెరికాలో అదే మొదటిది. ఊరి నడుమ పెద్ద గ్రంథాలయం ఉంది, ఎవరైనా ఊరికే పోయి చదువుకోవచ్చు. ఇక చలి. మన ఆదిలాబాద్‌లో నాలుగు డిగ్రీలు అని పేపర్లో పడితే మనం పొయ్యి దగ్గర నుంచి లేవం. బోస్టన్‌లో నది మీద నీళ్ళే గడ్డ కడతాయి. భీమవరంలో పుట్టి మద్రాసులో చదివినాయన ఒంటికి ఆ చలి ఎట్ల ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

అక్కడ ఆయనకు ఎదురైన మొదటి చిక్కు చలి కాదు, డిగ్రీ. మన దేశపు ఆ డిగ్రీకి అక్కడి ఆస్పత్రుల్లో గుర్తింపు లేదు. గుర్తింపు ఉంటే ఆస్పత్రిలో డాక్టరుగా పని చేస్తూ జీతం తీసుకుంటూ చదువుకునేవారు. లేదు గనుక ఆ దారి మూసుకుపోయింది. తెచ్చుకున్న డబ్బులు ఎన్ని రోజులు వస్తాయి? అందుకని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడుగా చేరారు. పని ఏమిటంటే, లేవలేని రోగుల మలమూత్రాల గిన్నెలు తీసి కడిగి పెట్టడం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలె. ఆయన చదివిన చదువుకు ఆ వార్డులో మందు రాసే మనిషి. చేసింది గిన్నెలు కడిగే పని. పైగా మన దేశంలో ఆ పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, వాళ్ళను దూరం ఉంచిన రోజులవి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినాయన దేశంకాని దేశంలో ఆ పని చేశారు. దీన్ని గొప్ప త్యాగం అని పుస్తకాల్లో రాస్తారు. నాకు మాత్రం అట్ల అనిపించలేదు. ఆ పని రోజూ చేసేవాళ్ళు మన ఆస్పత్రుల్లోనూ ఉన్నారు. వాళ్ళ గురించి ఎవరూ త్యాగం అని రాయరు. ఆయనకు కూలి కావాలె, ఆ పనికి కూలి ఇచ్చారు. చేశారు. చేసి, పొద్దున క్లాసుకు పోయారు. నాకు గొప్పగా కనిపించింది ఈ రెండో ముక్క.

ఇంకొకటి నేను మ్యాపు చూసి కనుక్కున్నాను. ఆ ఆస్పత్రి, హార్వర్డ్ మెడికల్ స్కూలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పిల్లల ఆస్పత్రి కూడా అక్కడే. అంటే పని దగ్గర నుంచి చదువు దగ్గరికి బండి కిరాయి పెట్టనక్కర లేదు. కొత్త పట్నంలో పైసలు లేనోడు మొదట చూసుకోవలసింది ఇదే గదా! మొన్న సైన్స్ ఫెయిర్‌కు కరీంనగర్ పోయినప్పుడు మా నలుగురికీ కలిపి రెండు వందలు మిగిలినయి. ఆటో ఎక్కితే భోజనం లేదు, భోజనం చేస్తే ఆటో లేదు. నడిచినం. నడిచినందుకే జిల్లా గ్రంథాలయం కనబడ్డది, లోపలికి పోయి గంటసేపు ఫ్యాను కింద కూర్చొని చదువుకున్నం. సాయంత్రం మానేరు డ్యాం కట్ట మీద దాకా నడిచినం. దేనికీ పైస అడగలేదు. సుబ్బారావు గారి పుస్తకం నేను మొదట చూసింది ఆ గ్రంథాలయంలోనే.

సరే, ఆయన సంగతికి వస్తాను. ఉష్ణదేశాల వైద్యంలో డిప్లొమా పూర్తయింది. మామూలుగా అయితే ఇంటికి రావాలె. కానీ ఆయన హార్వర్డ్‌లోనే జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. పద్ధతి వినడానికి తేలిక. కొన్ని రసాయనాలు కలిపితే ద్రవం నీలం రంగుకు వస్తుంది. భాస్వరం ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. రంగును పోల్చి చూసి లెక్క కడతారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. ఆ తర్వాత ఎన్నో వేల పరిశోధనల్లో దీన్ని వాడుకున్నారు.

ఆ పద్ధతి చేతిలో ఉంది గనుక ఇంకో రహస్యం బయటపడింది. మనం కబడ్డీలో కూతకు పోయినప్పుడు కండరానికి శక్తి ఎక్కడిది? అప్పటిదాకా అందరూ నమ్మిన సిద్ధాంతం ఒకటుంది. ఆ పరిశోధన చేసిన హిల్, మేయర్హాఫ్ గార్లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫిస్కే, సుబ్బారావు గార్లు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏ.టి.పి.ని చూపించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా ఏ.టి.పి.ని కనుక్కున్నారు. దాంతో పాత సిద్ధాంతం మార్చుకోవలసి వచ్చింది. మన జీవశాస్త్రం పుస్తకంలో శ్వాసక్రియ పాఠంలో ఏ.టి.పి. అని రెండు మార్కుల ప్రశ్న వస్తుంది. ఇకనుంచి ఆ ప్రశ్న రాసేటప్పుడు ఆ రాత్రి పనివాడు గుర్తుకు రావాలని నా కోరిక.

1930లో పిహెచ్.డి. వచ్చింది. అయితే హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంటు ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. ఏండ్లకు ఏండ్లు చిన్న పోస్టులోనే ఉన్నారు. ఆయన చేసిన పనిలో కొంత అప్పట్లో అచ్చుకే రాలేదని, దాన్ని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని ఆయనతో పాటు అక్కడ పని చేసి, 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ గారు చెప్పారు. దేశం సంగతి కూడా అంతే. 1917 చట్టంతో అమెరికా మన దేశం వాళ్ళను రానివ్వడం దాదాపు ఆపేసింది, విద్యార్థులకు మాత్రం సందు ఉంది. భారతీయులు అమెరికా పౌరులు కాలేరని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊరు ఆయన పని తీసుకుంది, ఇంటివాడని మాత్రం ఒప్పుకోలేదు.

1940లో బోస్టన్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్ది కాలంలోనే పరిశోధన మొత్తానికి ఆయనే పెద్ద అయ్యారు. ఇక్కడే ఆయన పాత ప్రశ్నకు జవాబు దొరికింది.

రక్తం తక్కువ ఉన్న గర్భిణులకు ఈస్టు సారం పెడితే నయమవుతుందని 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ కనిపెట్టారు. అందులో ఉన్న పదార్థమే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేసే దారిని సుబ్బారావు గారి బృందం 1945లో కనిపెట్టింది. అది స్ప్రూ జబ్బుకు పనిచేసింది. అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేండ్లు దాటింది.

ఇప్పుడు హాస్టల్ సంగతి. వారానికోసారి మనకు ఇచ్చే నీలం రంగు బిళ్ళ ఉంది గదా, కొందరు నాలుక కింద దాచి కిటికీలోంచి ఉమ్మేసేది? అందులో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలిక్ యాసిడే. ఎవరెవరు ఉమ్మేస్తారో ఇక్కడ పేర్లు రాయను, వార్డెన్ సారు కూడా ఇది చదువుతారు.

ఇంకొకటి బోదకాలు మందు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులకు ఈ జబ్బు అంటుకుంది. సుబ్బారావు గారి బృందం 1947లో హెట్రజాన్ అనే మందు తెచ్చింది. దానికే మనం డి.ఇ.సి. అంటాం. మన కరీంనగర్ వైపు బోదకాలు ఎక్కువ. ఆశా అక్కలు ఇంటింటికి వచ్చి, ముందర నిలబడి మింగించిన మాత్రలు అవే. మా ఊర్లో ఒక ముసలాయన కాలు చూసి చిన్నప్పుడు నేను భయపడేవాణ్ణి. ఆయనకు ఆ మందు ఆలస్యంగా వచ్చింది, మాకు ముందే వచ్చింది.

ఆరియోమైసిన్ గురించి కూడా చెప్పాలె. డెబ్బై ఏండ్లు నిండి కాలేజీ నుంచి రిటైరైన డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త లెడర్లీలో చేరారు. ఆ ముసలాయన మట్టి నమూనాలు వెతికి వెతికి టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందును పట్టుకున్నారు. అది 1948లో లోకానికి తెలిసింది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం మింగింది ఆ జాతి మందులనే.

నాకు అన్నిటికంటే మనసుకు తగిలింది క్యాన్సరు మందు. ఫోలిక్ యాసిడ్ లాగే కనబడి, దాని పని చేయకుండా అడ్డుపడే పదార్థాలను సుబ్బారావు గారి బృందం తయారు చేసింది. రక్త క్యాన్సరు వచ్చిన చిన్న పిల్లలకు వాటిని ఇచ్చి చూసినాయన సిడ్నీ ఫార్బర్. 1948లో అచ్చయిన లెక్క ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకు ముందు ఆ జబ్బు తగ్గడం అనేదే లేదు. అందులో నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందును ఇప్పటికీ వాడుతున్నారు. ఫార్బర్ పని చేసింది ఎక్కడో తెలుసా? బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో. సుబ్బారావు గారు రాత్రిళ్ళు గిన్నెలు కడిగిన ఆస్పత్రి పక్కనే.

అదే 1948 ఆగస్టులో, 53 ఏండ్లకే, ఆయన నిద్రలో పోయారు. నోబెల్ రాలేదు. 1953లో ఒక బూజు జాతికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పెట్టారు. 1995లో నూరేండ్ల సందర్భంగా మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

ఇంత రాసినాక ఒక మాట రాయకుండా ఉండలేను. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. పెండ్లి 1919లో అయింది. భార్య శేషగిరి గారు. ఆయన పోయాక ఇక్కడ కొడుకు పుట్టి, పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడనే లేదు. 1946లో చట్టం మారి భారతీయులు అమెరికా పౌరులు కావచ్చని వచ్చినా ఆయన కాలేదు, చివరిదాకా మన దేశస్థుడిగానే ఉన్నారు. అయినా రాలేదు. పరిశోధన మధ్యలో వదలలేకనా, డబ్బు లేకనా, ఇక్కడ అటువంటి ప్రయోగశాల లేకనా? ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తారు. మా తాతకు ఈ కథ చెప్తే ఆయన మందుల గురించి ఏమీ అడగలేదు. ఆ ఇంటామె ఏమైంది అని అడిగిండు. మేం ఇంటర్‌కు పోతామంటే కూడా మా ఊర్లో పెద్దోళ్ళ మొదటి ప్రశ్న అదే, పోయినోడు మళ్ళ వస్తడా అని.

నేను చదివిన రెండు పుస్తకాల్లో శేషగిరి గారి గురించి నాలుగైదు లైన్ల కంటే లేదు. ఈసారి కరీంనగర్ పోయినప్పుడు గ్రంథాలయంలో మళ్ళీ వెతుకుతాను. దొరికితే వచ్చే నెల ఇదే గోడ మీద రాస్తాను.